పాత చీరలే పంపమ్మా

కొలంబస్, ఒహాయో

అమ్మకు నమస్కరించి వ్రాయునది.

మేమిద్దరం ఇక్కడ క్షేమం. నాయనకు మోకాలి నొప్పి తగ్గిందని విన్నాక మనసు కుదుటపడింది. మీ అల్లుడిగారి ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది.

పెద్ద చెల్లికి కానుపు దగ్గరపడుతోంది కనుక బిడ్డకు బొంత నేనే కుట్టి పంపాలని నిశ్చయించుకున్నాను. అందుకోసం నువ్వు పాటూరు వెళ్లి కొత్త చీరలు కొంటానన్నావట. కొత్తవి వద్దమ్మా. ఏళ్ల తరబడి నువ్వు కట్టి, ఉతికి, గంజి వదిలి మెత్తబడిన నూలు చీరలే నాకు కావాలి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కనుక, పైపొర కొత్తదీ లోపలి పొరలు పాతవీ అయితే ఒక్కసారి తడవగానే పైది బిగుసుకుని బొంతంతా ముడతలు పడుతుంది. పాత చీర కుంచించుకోవలసిందంతా మన పెరట్లోనే కుంచించుకుని ఉంటుంది. జరీ అంచులు మాత్రం కోసేసి పంపు, పసిబిడ్డ ఒంటికి గీరుకుంటాయి. అవ్వ కట్టిన వంకాయరంగు వెంకటగిరి చీర కొంగు దగ్గర చిరిగినా సరే, తప్పక పెట్టు. చిరిగినంత మేర తీసేసి మిగిలినది పైపొరకు వాడతాను.

ఇక్కడి దుకాణాల్లో గుడ్డను గజం లెక్కన, అంటే 36 అంగుళాల చొప్పున కోస్తారు. రంగులు ఎంతో బాగుంటాయి గానీ పాలిస్టరు కలిసినవే ఎక్కువ. అనుమానం వస్తే ఒక పోగు లాగి నిప్పు చూపిస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద రాలుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. బిడ్డ కింద పరిచేదానికి అటువంటి గుడ్డ నేను వాడను.

పగలంతా ఒంటరిగా కూర్చుని సూదితో కళ్లు పాడుచేసుకుంటున్నానని నువ్వు బెంగపడుతున్నావట. అలా అనుకోవద్దమ్మా. ఎంబ్రాయిడరీ అంతా పగటి వెలుతురులో కిటికీ దగ్గరే చేస్తాను. చలికాలంలో ఐదు దాటగానే చీకటి పడుతుంది, ఆయన ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుపోతుంది. ఆ వేళలో దీపం కింద పొరలు సర్ది టాకాలు వేసుకుంటూ ఉంటే ఇల్లు అంత బోసిగా అనిపించదు. కాడకుట్టు వేసేటప్పుడు సూదిని అంతకుముందు వేసిన కుట్టు పక్కన, దాని సగం దగ్గర పైకి తీస్తూ, దారాన్ని ఎప్పుడూ ఒకే వైపు ఉంచుతాను. అలా ఒక తీగ పూర్తయ్యేసరికి మనసులోని దిగులు చాలా వరకు సర్దుకుంటుంది. దీన్ని మానమని మాత్రం చెప్పవద్దు.

చిన్నది కుట్టు నేర్చుకుంటానన్నందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను. మొదటే శాటిన్ కొననివ్వకు, చేతిలో నిలవక జారిపోతుంది. పాప్లిన్ కొని, తడిపి ఆరవేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టమను. దిండు గలీబుతో మొదలుపెడితే అన్నీ తిన్నని కుట్లే. గుడ్డ అంచుకు సమాంతరంగా నిలువు పోగు చూసుకుని కోయకపోతే ఉతికాక మెలి తిరుగుతుంది. మెషినుకు పలుచని నూలైతే 11 నంబరు సూది వేయాలి, జీన్సు వంటి దళసరి గుడ్డకు 16 కావాలి. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, సన్నని పూలకు రెండే విడదీసి వాడాలి. మూరకు మించి దారం తీస్తే చిక్కుపడుతుంది.

నాయన మన పాత మెషినుకు మోటారు పెట్టించి నాకు పంపుతానన్నారు. అక్కడి కరెంటు 230 వోల్టులు, ఇక్కడిది 120, ఆ మోటారు ఇక్కడ సరిగా తిరగదు. దానికి నూనె వేయించి చిన్నదానికే ఇవ్వండి.

చీరలు నాలుగైతే చాలు. పార్శిలు కట్టేముందు ఉతికి ఎండలో ఆరవేయి, కలరా ఉండలు మాత్రం వేయకు, ఆ వాసన ఒక పట్టాన వదలదు. పెద్ద చెల్లికి డాక్టరు చెప్పిన తేదీ మార్చారేమో కనుక్కుని వెంటనే తెలియజేస్తే, దాన్ని బట్టి అంచు పట్టీ ఎప్పటికి ముగించాలో చూసుకుంటాను.

ఇట్లు,
నీ పెద్ద కూతురు