ఇంటర్వ్యూకి పిల్లలొక్కరే ప్రిపేరవ్వాలా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏదో ఒక ఫార్మా కంపెనీ వాక్‌ఇన్ ఇంటర్వ్యూ ఉంటుంది. వాట్సాప్‌లో ప్రకటన చూసి శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో రాత్రి రైలెక్కి, పొద్దున్నే స్నేహితుడి గదిలో మొహం కడుక్కుని, ఫైలు పట్టుకుని గేటు ముందు వరుసలో నిలబడే పిల్లల్ని పదహారేళ్లుగా చూస్తున్నాను. నేనూ అలా వచ్చినవాడినే. ఇప్పుడు క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తూ టేబుల్‌కి అవతల కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ పిల్లలకు సలహాలిచ్చేవాళ్లు ఊరినిండా ఉన్నారు. అడిగేవాళ్లు కూడా ప్రిపేరై రావాలని మాత్రం ఎవరూ అనరు, అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగం మారదామనుకున్నప్పుడు ఒక కంపెనీకి పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం నాలుగున్నరకు లోపలికి పిలిచారు. లోపలున్నాయన ఫోన్ చూసుకుంటూనే "మీ గురించి చెప్పండి" అన్నారు, మూడు నిమిషాల్లో అయిపోయింది, ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. అంత బాధపడినవాడిని, నేను మొదటిసారి ఇంటర్వ్యూ చేసిన రోజు అదే తప్పు చేశాను. రెజ్యూమె చదవకుండా వెళ్లి, ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ అమ్మాయిని మైక్రోబయాలజీ ప్రశ్నలు అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఫ్రెషర్స్‌కి నేను చెప్పేది, జవాబులు బట్టీ పట్టకండి. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏమేం ఎంతెంత ఉన్నాయో విడదీసి చూసే పరీక్ష) అంటే ఏమిటంటే అందరూ ఒకే నిర్వచనం అప్పజెబుతారు, అందులో ద్రవం పోయే గొట్టంలో, అంటే కాలమ్‌లో ప్రెజర్ పెరిగిపోతే ఏం చేస్తావంటే ఆగిపోతారు. ప్రాజెక్టులో మీ చేత్తో చేసిన పని ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా చెప్పగలగాలి. ఒకసారి ఒక అబ్బాయి, ఫాస్ఫేట్ బఫర్ అనే ఉప్పు ద్రావణం వాడాక కాలమ్‌ని నీళ్లతో కడగకుండా నేరుగా అసెటోనైట్రైల్ అనే సాల్వెంట్ పంపానని, ఉప్పు పేరుకుని కాలమ్ మూసుకుపోయిందని, వెంటనే వెళ్లి సార్‌కి చెప్పానని సగం తెలుగు సగం ఇంగ్లిష్‌లో చెప్పాడు. మా పనిలో తప్పు జరిగితే దాచకుండా రాసిపెట్టడమే అన్నిటికన్నా ముఖ్యం. డేటా మార్చారని తనిఖీలో తేలితే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ దాకా పోతుంది, ఎగుమతులూ ఆగిపోవచ్చు. ఆ అబ్బాయిని తీసుకున్నాం. ఇంకొకటి, లేని అనుభవానికి సర్టిఫికెట్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు, పీఎఫ్ వివరాలు అడిగితే బయటపడిపోతారు.

ఇక మావాళ్ల సంగతి. ఆ పోస్టులో రోజూ చేయాల్సిన పనేమిటో ముందురోజే రాసుకోవాలి, అందరినీ అవే ఐదారు ప్రశ్నలు అడగాలి, పక్కనున్నాయన అభిప్రాయం వినకముందే ఒక్కో జవాబుకి మార్కు వేసేయాలి. ఇలా చేయడం మొదలుపెట్టాకే నాకు అర్థమైంది, అంతకుముందు నాకు నచ్చినవాళ్లలో ఎక్కువమంది గలగలా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లేనని. 1998లో ష్మిట్, హంటర్ అనే సైకాలజిస్టులు 85 ఏళ్ల పరిశోధనలన్నీ కలిపి చూసి, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కంటే పద్ధతిగా అందరినీ ఒకేలా అడిగేదే నయమని, చిన్న పని చేయించి చూడటం కూడా బాగా పనికొస్తుందని తేల్చారు. మాకు ల్యాబ్ పక్కనే ఉంది, ఒక బఫర్ చేసి చూపించమనడానికి పావుగంట చాలు.

భాష సంగతి కూడా చెప్పాలి. సివిల్స్ ఇంటర్వ్యూనే తెలుగులో ఇవ్వొచ్చు, అలాంటిది ల్యాబ్‌లో తూకం మిషన్ ముందు నిలబడే పిల్లకి తెలుగులో చెప్పే వీలు ఎందుకు ఉండకూడదు? ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం) చదివి రిపోర్టు రాసేంత ఇంగ్లిష్ కావాలి నిజమే, అది ఒక పేజీ రాయించి చూడొచ్చు.

పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని అమ్మాయిల్ని అడగడం ఇకనైనా మానేయాలి. నైట్ షిఫ్ట్ ఉంటే ఆ మాట అందరికీ చెప్పి, చేయగలరా అని అబ్బాయిల్నీ అడగండి. నియామకాల్లో ఆడ మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే పెట్టారు. అలాగే రెండొందల మందిని ఒకే టైముకి రమ్మనకుండా గంటకింతమందని పిలిస్తే, తీసుకోనివాళ్లకి వారంలోపు ఒక మెసేజ్ పెడితే కంపెనీకి పోయేదేమీ లేదు. మెసేజ్ రాక, ఇంకో ఇంటర్వ్యూకి వెళ్లాలో వద్దో తెలియక హాస్టల్ అద్దె కట్టుకుంటూ కూర్చునే పిల్లలు నాకు తెలుసు.

మీ పేపర్‌లో ఉద్యోగార్థుల కోసం ప్రశ్నలు, జవాబులు వేస్తుంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ల కోసం కూడా నెలకొకసారైనా ఒక కాలమ్ వేయండి. మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకి నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగి,
జీడిమెట్ల, హైదరాబాద్