ఫొటోల్లో ఉన్న బొమ్మలే పెట్టాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆర్ట్ ఫెయిర్ల మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. అమ్మకాలు, జనం, స్టాల్ అలంకరణ అన్నీ రాశారు గానీ మాలాంటివాళ్ళకి నిద్రపట్టనివ్వని సంగతి మాత్రం అందులో లేదు. మధ్యలో మన శైలి మారిపోతే ఏం చేయాలి?

చాలా ఫెయిర్లకి నాలుగైదు బొమ్మల ఫొటోలు, స్టాల్ ఎలా ఉంటుందో చూపించే ఫొటో ఒకటి పంపి నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. జ్యూరీ వాటిని చూసే ఎంపిక చేస్తుంది, తీరా స్టాల్లో పెట్టేవి కూడా ఆ ఫొటోలకి తగ్గట్టే ఉండాలంటారు. ఎందుకంటారో తెలుసు, మంచి పని చూపించి చోటు సంపాదించి, వచ్చాక ఎక్కడో టోకున కొన్న సరుకు పరిచేవాళ్ళు ఉంటారు. కానీ వాళ్ళని ఆపడానికి పెట్టిన రూలు మా మెడకీ చుట్టుకుంటోంది. దరఖాస్తుకీ ఫెయిర్‌కీ మధ్య ఆరేడు నెలలు గడిస్తే, రోజూ బొమ్మలేసే మనిషి చెయ్యి అక్కడే ఆగి ఉంటుందా?

పదేళ్ళు వాటర్ కలర్లో పిట్టలే వేశాను, ఈకలు లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టు. అవే అమ్ముడయ్యేవి. పోయినేడాది కుంచె పక్కన పెట్టి, రంగు పూసే ప్యాలెట్ నైఫ్ పట్టుకున్నాను, నలుపూ తుప్పురంగూ తప్ప ఇంకేం వాడట్లేదు. ముందుగా చెప్పకుండా ఆ కొత్త బొమ్మల్ని ఫెయిర్‌కి తీసుకెళ్ళడం నా తప్పే, ఒప్పుకుంటాను. మొదటిరోజు పొద్దున్నే నిర్వాహకుల్లో ఒకాయన ట్యాబ్ పట్టుకుని వచ్చి, అందులోని పిట్టనీ గోడమీది బొమ్మనీ మార్చి మార్చి చూసి, మూడు దించేయమన్నారు, మర్యాదగానే లెండి. దించి, టేబుల్ వెనక గోడవైపు తిప్పి ఆనించాను. పైన మూడు ఖాళీ కొక్కేలు మిగిలాయి. రెండోరోజు సాయంత్రం ఒక కుర్రాడు "అవెందుకు తిప్పేశారండీ?" అని అడిగితే ఒకటి ఇటు తిప్పి చూపించాను. కొనలేదు గానీ, ఆ రెండు రోజుల్లో ఎవరైనా కాస్త ఎక్కువసేపు నిలబడి చూశారంటే దాన్నే.

పాత కొనుగోలుదార్లతో ఇంకో తంటా. "ఈసారి పిట్టలు తక్కువ తెచ్చారే" అంటారు, ఏం చెప్పాలో తెలీక నవ్వుతాం. అమెరికన్ చిత్రకారుడు ఫిలిప్ గస్టన్ అంతటివాడు, రూపాలు లేని అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు వదిలేసి, 1970లో ముసుగు మనుషులతో కార్టూన్ల లాంటి బొమ్మలు న్యూయార్క్‌లో పెడితే విమర్శకులు చీల్చి చెండాడారు, ఇక నేనెంత! డచ్ చిత్రకారుడు మాండ్రియన్ అయితే ఒకపక్క తన గళ్ళ బొమ్మలు వేసుకుంటూనే, డబ్బుల కోసం పూలు వేసి అమ్మాడు. నాకూ అందులో నామోషీ ఏం లేదు, అట్టపెట్టె నిండా పిట్టల ప్రింట్లు ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే సగం గోడ పిట్టలూ సగం తుప్పూ పెడితే ఇద్దరు ఆర్టిస్టులు స్టాల్ పంచుకున్నట్టుంటుంది, వచ్చినవాళ్ళు దేని ముందూ ఆగరు.

ఫెయిర్లు నడిపేవాళ్ళని నేను అడిగేది ఒకటే. ఫెయిర్‌కి ఓ నెల ముందు కొత్త ఫొటోలు పంపుకునే వీలివ్వండి. జ్యూరీలో ఒకరిద్దరు చూసి కాదంటే కాదనండి, పాతవే తెచ్చుకుంటాం, లేదంటే చోటు వదులుకుంటాం, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక చిత్రకారిణి