చేయి నొప్పితో సాధన చేస్తున్న అమ్మలుకు

విజయనగరం

చిరంజీవి అమ్మలుకు,

అమ్మ ఆశీస్సులు. ముంజేయి లాగుతోందనీ, సాయంత్రమయ్యేసరికి ఉంగరపు వేలూ చిటికెన వేలూ మాట వినడం లేదనీ ఫోనులో చెప్పావు. ఆ వెంటనే "పరీక్ష దగ్గర పడింది కదమ్మా, ఇప్పుడు పియానో ముట్టుకోకపోతే ఎలా?" అన్నావు. దానికి ఫోనులో సరిగా జవాబు చెప్పలేకపోయాను కనుక తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

అమెరికా పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ వాయించిన బ్రామ్స్ రచనలను నువ్వే నాకు వినిపించావు. అప్పటి నుంచి ఆయన గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. 1928లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, చిన్న వయసులోనే ఆర్తర్ ష్నాబెల్‌కు శిష్యుడయ్యారు. ష్నాబెల్ గురువు లెషెటిట్‌స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీకి పాఠం చెప్పినవాడు సాక్షాత్తూ బేతోవెన్. త్యాగరాజస్వామి శిష్యపరంపరను తలచుకుని మనం పొంగిపోతాము కదా, వారికీ అటువంటి పరంపర ఉందని తెలిసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పదహారేళ్లకే, 1944లో, ఆయన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ బృందంతో కచేరీ చేశారు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీలో మొదటి బహుమతి గెలుచుకున్నారు. ఆ తరువాత జార్జ్ సెల్ నడిపిన క్లీవ్‌లాండ్ వాద్యబృందంతో బేతోవెన్, బ్రామ్స్ కాన్చెర్టోలను, అంటే పియానో ప్రధానంగా వాద్యబృందంతో కలిసి వాయించే రచనలను, రికార్డు చేశారు.

అటువంటి మనిషికి ముప్పై ఆరేళ్ల వయసులో కుడిచేతి చివరి రెండు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోసాగాయి. సాధన చాలడం లేదేమోనన్న భయంతో ఆయన ఇంకా ఎక్కువ సాధన చేశారు. అమ్మలూ, నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ఒక్క సంగతే. అది ఫోకల్ డిస్టోనియా అనే జబ్బు అని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఒకే కదలికను లెక్కలేనన్నిసార్లు చేసిన చేతి విషయంలో, మెదడులో ఒక్కొక్క వేలికి విడిగా ఉండవలసిన చోట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని వైద్యులు భావిస్తున్నారు. చాలామందిలో అదే చేయి అన్నం కలుపుకోవడానికి బాగానే ఉంటుంది, మీటల మీద పెట్టగానే అదుపు తప్పుతుంది. ఆ జబ్బులో తరచుగా నొప్పి కూడా ఉండదు. నీకు నొప్పి ఉంది కనుక నీది అది కాదనీ, కండరాల అలసటో నరాల మీద ఒత్తిడో అయి ఉంటుందనీ నా ఆశ. కానీ దానిని తేల్చవలసింది డాక్టరే గాని నువ్వూ నేనూ కాదు.

ఆయన తీవ్రమైన నిరాశలో కొంతకాలం గడిపి, ఆ తరువాత ఎడమచేతితో వాయించే రచనలను చేపట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పియానో విద్వాంసుడు పౌల్ విట్గెన్‌స్టైన్ అడిగితే ఫ్రెంచి స్వరకర్త రవెల్ రాసిన ఎడమచేతి కాన్చెర్టో వాటిలో ముఖ్యమైనది. కళ్లు మూసుకుని వింటే ఒంటిచేత్తో వాయిస్తున్నారని నమ్మడం నా వల్ల కాలేదు. మరోవైపు వాద్యబృందాలను నడిపారు, బాల్టిమోర్‌లోని పీబడీ సంస్థలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 1990ల మధ్యలో బోటాక్స్ సూదిమందుతో వేళ్లు కొంత సడలాక మళ్లీ రెండు చేతులా వాయించి, 2004లో రికార్డు కూడా విడుదల చేశారు. జబ్బు పూర్తిగా పోయిందని కాదు, చికిత్స కొనసాగుతూనే ఉంది. 2020లో, తొంభై రెండేళ్ల వయసులో కన్నుమూశారు. వేళ్లు సహకరించని ఆ మూడు దశాబ్దాలలోనూ ఆయన సంగీతజ్ఞుడు కాకుండా పోలేదు.

మన ఊరిలోనూ అటువంటి పెద్దలు ఉండేవారు. 1919లో మహారాజావారు సంగీత కళాశాల స్థాపించినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. నాయుడుగారికి చూపు చాలా తక్కువ. కంటికి అందనిదంతా చెవితో పట్టుకుని ఆ విదేశీ వాద్యం చేత గమకాలన్నీ పలికించారు. మీ పియానోకు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి మోగిన స్వరాన్ని వంచడం ఎవరి తరమూ కాదు కనుక, మీరు భావమంతా తాకిడిలోనే చూపించాలి. అందుకే నీ చేతులు మొద్దుబారడం నాకు మరీ భయం కలిగిస్తోంది.

కనుక ఈ వారం పియానో మూత తెరవకు. స్వరలిపి పుస్తకం ముందు పెట్టుకుని, చేతులు ఒడిలో ఉంచుకుని, ప్రతి పంక్తినీ లోలోపల వినిపించుకో. వాల్టర్ గీసెకింగ్ వంటి పియానో మహావిద్వాంసుడు రచనలను అలా చదివి మనసులోనే కంఠస్థం చేసుకునేవారు కనుక, దీనిని సోమరితనం అనుకోవలసిన పని లేదు. చేతుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించుకుని, ఎన్ని గంటలు వాయిస్తున్నావో దాచకుండా చెప్పు. తిరిగి మొదలుపెట్టినప్పుడు మధ్యమధ్య విరామం ఇస్తూ కొద్దికొద్దిగానే వాయించు. పరీక్ష మళ్లీ వస్తుంది, డబ్బు కట్టేశామన్న బెంగ నీకు వద్దు. ఈ సంగతి మీ మాష్టారుగారికి చెప్పడానికి మొహమాటంగా ఉంటే, నేను బయలుదేరి వచ్చి నీ పక్కన కూర్చుని మాట్లాడతాను. డాక్టరు ఏమన్నారో ఆ రోజే ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ