షాకప్ మార్చారు, చప్పుడు పోలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో చలికాలం బైక్ ప్రయాణాల మీద వచ్చిన వ్యాసం చదివాను. అరకు, లంబసింగి వెళ్లేవాళ్లు టైర్లలో గాలి, బ్రేకులు, చైను, హెడ్‌లైటు చూసుకోవాలని రాశారు. రెయిన్‌కోటు కూడా మరిచిపోలేదు. కానీ ఇద్దరు మనుషుల్నీ రెండు పెట్టెల్నీ మోస్తూ కుదుపులు మింగే వెనక సస్పెన్షన్ (షాకప్, దాని కీళ్లు) గురించి ఒక్క మాటా లేదు. దానితో ఎనిమిది నెలలు టెన్షన్ పడ్డవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైంది, మీ వీలును బట్టి కత్తిరించుకోండి.

నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. భీమిలిలో ఉంటాను. రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి ఒక టూరింగ్ బండి కొన్నాను. మోనోషాక్, అంటే వెనక ఒకటే షాకప్, ఒకటే సిలిండరు, రెండు పక్కలా ఇనుప పెట్టెలు. "ఈ వయసులో మీకిదేం పిచ్చి నాన్నా" అని మా అమ్మాయి ఫోన్‌లో నవ్వింది. మా ఆవిడ మాత్రం మొదటి వారమే హెల్మెట్ కొనిపించుకుని వెనక ఎక్కింది. ఇప్పటికి 26 వేల కిలోమీటర్లు తిరిగాం.

ఫిబ్రవరిలో చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కి దిగితే సీటు కింద నుంచి పాత తలుపు తెరిచినట్టు కిర్రుమనేది. చిన్న గుంటల్లో అయితే టక్, టక్. వేగంగా వెళ్తే వినపడదు. ఊళ్లో టీ కొట్టు ముందు బండి ఆపబోతుంటే జనం తలతిప్పి చూసేవాళ్లు. ఎస్.కోట దాటి బొడ్డవర నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ అదే పాట.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. మొదటిసారి చైనుకి స్ప్రే కొట్టి "నార్మల్ సార్, ఈ మోడల్ అంతే" అన్నారు. రెండోసారి సైలెన్సర్ బోల్టు బిగించారు. మూడోసారి, జూన్‌లో, ఒక కుర్రాడు సీటు మీద రెండుసార్లు గట్టిగా నొక్కి "షాకప్ పోయింది సార్" అని తేల్చేశాడు. షాకప్ పోతే సాధారణంగా రాడ్ మీద నూనె కనపడాలి. లేదా సీటు నొక్కి వదిలితే బండి ఒక్కసారి పైకొచ్చి ఆగకుండా రెండు మూడుసార్లు ఊగాలి. నా బండికి ఈ రెండూ లేవు. అయినా నేను నోరెత్తలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకి స్ప్రింగుల లెక్కలు చెప్పినవాణ్ణి, యూనిఫారం వేసుకున్న కుర్రాడు చెప్పగానే తలూపాను. వారంటీ అప్పటికే అయిపోయింది. బిల్లు 11,400 రూపాయలు. పాత షాకప్ ఏదంటే స్క్రాప్‌లో వేసేశామన్నారు.

ఇంటికొచ్చేదాకా చప్పుడు లేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. నాలుగో రోజు పొద్దున్న పాలకేంద్రం ముందు స్పీడ్ బ్రేకర్ మీద మళ్లీ కిర్ర్.

ఆ మూడు రోజులూ ఎందుకు ఊరుకుందో నాకు జూలై దాకా తట్టలేదు. ఆ నెలలో అరకు నుంచి వస్తూ అనంతగిరి దగ్గర వానలో నిలువునా తడిశాం. కిందకి దిగేదాకా బండి కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ మా ఆవిడే అంది: "చూశారా, తడిస్తే అరవడం లేదు. మీరొక్కరే వెళ్లినప్పుడు కూడా అరవదన్నారు కదా, నేనెక్కితేనే అరుస్తోంది." నా ఫిజిక్స్ అంతా ఆ రెండు ముక్కల ముందు దిగదుడుపే. సర్వీస్ సెంటర్ వాళ్లు బండి అప్పగించే ముందు వాటర్ సర్వీసింగ్ చేశారు. ఆ తడి ఆరడానికి మూడు రోజులు పట్టింది. పోయింది షాకప్ కాదు, ఎక్కడో ఒక కీలు ఎండిపోయింది.

ఎండిన కీలు ఎందుకు అరుస్తుందంటే, రెండు లోహాలు ఒకదాన్నొకటి పట్టుకుని, బలం పెరిగాక ఒక్కసారిగా జారి, మళ్లీ పట్టుకుంటాయి. ఇది సెకనుకి వందలసార్లు జరిగితే కిర్రుమంటుంది. ఫిడేలు కమాను పలికించేదీ ఇదే. బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, తడి ఉంటే పట్టు తగ్గుతుంది. మా ఆవిడ చెప్పిన రెండు లక్షణాలూ సరిపోయాయి.

ఏ కీలో తెలుసుకోవాలి కదా. ముందు పెట్టెలూ వాటి క్యారియరూ విప్పేశాను. ఇలాంటి చప్పుళ్లలో చాలావాటికి మూలం లూజైన క్యారియర్ బోల్టే. చీర గార్డు, నంబరు ప్లేటు, సైడు స్టాండు స్ప్రింగు కూడా చూశాను. చప్పుడు ఉంది. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకి ఊపాను. కదలిక లేదు, అంటే చక్రం బేరింగులు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే చేయి) బుష్‌లు బాగానే ఉన్నాయి. తర్వాత చక్రాన్ని నిలువుగా పైకెత్తాను. స్ప్రింగు కదలకముందే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉత్తినే లేచి టక్కుమంది. ఇంకో చేత్తో కీళ్లని ఒక్కొక్కటిగా తాకుతూ మళ్లీ ఎత్తితే, షాకప్ కింద ఉన్న లింకేజ్ (షాకప్‌ని స్వింగ్ ఆర్మ్‌కి కలిపే కీళ్ల ముక్క) దగ్గర ఆ టక్కు వేలికి తగిలింది.

కిర్రు కూడా అక్కడిదేనా? దీనికి మనవడి మందు సిరంజి పనికొచ్చింది. స్టాండ్ తీసి, మా ఆవిడని బండి మీద కూర్చోబెట్టి మెల్లగా ఊగమన్నాను. నేను నేల మీద పడుకుని సిరంజితో ఒక్కో కీలు మీద నీళ్లు పోస్తూ వచ్చాను. స్వింగ్ ఆర్మ్ ఇరుసు మీద పోస్తే అరుపు ఆగలేదు. షాకప్‌ని బోల్టుతో బిగించే పైకన్ను, కిందికన్ను, అక్కడా ఆగలేదు. లింకేజ్ ముందు కీలు మీద ఐదు మిల్లీలీటర్లు పోసేసరికి ఠక్కున ఆగింది. పక్కింటాయన గోడ మీంచి చూసి ఏమనుకున్నాడో నాకనవసరం.

నీళ్లకి బదులు తుప్పు వదిలించే స్ప్రే కొట్టవచ్చు కదా అంటారేమో. కొడితే ఒక వారం హాయిగా ఉంటుంది. ఆ స్ప్రే లోపల మిగిలిన కాస్త గ్రీజునీ కరిగించి బయటికి లాగేస్తుంది. బ్రేకు డిస్కు మీద పడితే ఇంకా ప్రమాదం.

తగరపువలసలో స్కూటర్ల కాలం నుంచి పని చేస్తున్న ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా కథంతా ఓపిగ్గా విని, "అయితే షాకప్ ఎందుకు మార్పించారు మాస్టారూ?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. సెంటర్ స్టాండ్ వేసి, చక్రం కింద చెక్క పెట్టి బరువు తీసి, లింకేజ్ బోల్టు కొట్టాడు. పావుగంట కొడితే గానీ రాలేదు. లోపల ఎర్రటి పొడి. గ్రీజు ఉన్న ఆనవాలే లేదు. పక్క సీలు చిరిగిపోయింది, నీడిల్ బేరింగులో సూదులు (సన్నటి ఉక్కు రోలర్లు) కొన్ని బిగుసుకున్నాయి, రెండు విరిగాయి, మధ్య స్లీవు (బోల్టు దూరే గొట్టం) మీద గోటికి తగిలేలా గాట్లు పడ్డాయి. టక్కుమన్నది ఆ అరుగుడే.

ఈ బేరింగు చక్రం బేరింగులా గుండ్రంగా తిరగదు. చక్రం ఎంత ఎగిరినా ఇది కొద్ది డిగ్రీలే అటూ ఇటూ ఊగుతుంది. అందుకని ప్రతి సూదీ ఉన్నచోటే ఉండి అక్కడే తొలుస్తుంది. గ్రీజు ఎండితే ఇక చెప్పక్కర్లేదు. పైగా మాది సముద్రం ఒడ్డు, ఉప్పు గాలి. దానికి తోడు నెలకోసారి ప్రెషర్ గన్నుతో నేరుగా కీళ్ల మీదకి కొట్టించే వాటర్ సర్వీసింగ్. ఆ ధార సీలు దాటి వెళ్తుంది. బురద పోతోందని నేను పక్కన నిలబడి మరీ కొట్టించాను.

"పాత బళ్లకైతే నిప్పుల్ ఉండేది, గన్ను పెట్టి గ్రీజు ఎక్కించేసేవోళ్లం. దీనికి ఇప్పితే గానీ గ్రీజు పెట్టడం అవదు. ఇప్పడానికి గంటన్నర. సర్వీసు బిల్లులో దానికి డబ్బుల్లేవు, ఎవుడు ఇప్పుతాడండి?" అన్నాడాయన. బేరింగులు, స్లీవు, సీళ్లు కలిపి 1,350, కూలి 600. స్వింగ్ ఆర్మ్ ఇరుసు కూడా లాగి గ్రీజు పెట్టాడు. బోల్టులు చేత్తో బిగించేసి వదిలేయకుండా ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి తీసి, మాన్యువల్లో అంకె చూపించమని నన్నే అడిగాడు. చదువుకున్నవాళ్లు పెట్టిన వర్క్‌షాపులో మూడుసార్లలో ఒక్కసారి కూడా ఆ రెంచి కనపడలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యమని మా అల్లుడు పోరుపెట్టాడు. పాత షాకప్ నా చేతిలో లేదు, అది బాగుందని ఎలా నిరూపించను? అందుకే మీ పాఠకులకి చెప్పేది ఒకటే. ఏ పార్టు మార్చినా పాతది అడిగి ఇంటికి తెచ్చుకోండి. "లింకేజ్ విప్పి గ్రీజు పెట్టాం" అన్నది జాబ్ కార్డులో విడిగా రాయించండి. రాయకపోతే చెయ్యలేదనే లెక్క. దానికి వేరే డబ్బులు అడిగితే ఇవ్వండి, షాకప్ ధర ముందు అదెంత. మళ్లీ ఇలాంటి వ్యాసం వేసినప్పుడు చైను తర్వాత లింకేజ్ అని ఒక్క మాట చేర్చమని మీకు మనవి.

ఇంకో మాట రోడ్లు చూసేవాళ్లకి. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా వైపు వాటికి ఎత్తు మాత్రం ఉంటుంది, వెడల్పు నా చెప్పు అంత.

అక్టోబరులో బాగైంది. ఆ తర్వాత రెండుసార్లు అరకు వెళ్లొచ్చాం, చప్పుడు లేదు. కాకపోతే కొత్త షాకప్ పాతదానికంటే గట్టిగా ఉందనీ, నడుం నొప్పెడుతోందనీ మా ఆవిడ అంటోంది. ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగింపు) రెండు మెట్లు తగ్గించాను. పాతదే బాగుండేదంటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్,
భీమునిపట్నం