ఆంప్‌కి వేలు, వైరుకి వందలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, మీ పేపర్లో కారు తగలబడిన వార్త ఒకటైనా కనపడుతుంది, చివర్లో షార్ట్ సర్క్యూట్ కారణమని ఒక లైన్ వేసి వదిలేస్తారు. ఆ షార్ట్ యాడ అయింది, ఎందుకయింది అనేది ఎవరూ రాయరు. అన్నిటికీ ఒకటే కారణం ఉండదనుకోండి, కానీ నేను అనంతపురంలో కార్ల వైరింగ్ పని చేసేవాన్ని, మా దగ్గరికి వచ్చే బండ్లలో పదే పదే కనపడేది ఒకటుంది, అదే పాటల సౌండ్ పెంచేదానికి బయట ఫిట్ చేయించిన ఆంప్లిఫయర్‌కి (ఆంప్ అంటాం) లాగిన కరెంటు వైరు.

మొన్న ఒక పిల్లోడు పాత డీజిల్ కారు తెచ్చినాడు. బేస్ కొట్టినప్పుడల్లా సౌండ్ పడిపోతా ఉంది అన్నా, కెపాసిటర్ (కరెంటు కొంచెం దాచిపెట్టి ఇచ్చే డబ్బా) వేస్తే సరిపోతుందన్నారు, వేస్తావా అని అడిగినాడు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ ప్లస్ నుంచి ఎర్ర వైరు నేరుగా ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ, దాని రంధ్రంలోకి పోయింది, రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ లేదు, రేకు అంచు ఇన్సులేషన్‌ని సగం కోసేసింది. ఫ్యూజు యాడుందిరా అంటే వెనక సీటు కింద ఆంప్ పక్కన చూపించినాడు! అంటే మధ్యలో రేకుకి తగిలితే బ్యాటరీ మొత్తం ఆ వైరులోనే పారుతుంది, వెనకున్న ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. ఫ్యూజు ఉండేది ముందు వైరుని కాపాడటానికి, అందుకే బ్యాటరీ నుంచి ఒక అడుగు, మహా అంటే అడుగున్నర లోపలే పెట్టాలి. 12 వోల్టులే కదా షాక్ కొట్టదు కదా అంటారు, నిజమే కొట్టదు, కానీ సెల్ఫ్ కొట్టేటప్పుడు వంద ఆంపియర్ల పైన ఇచ్చే బ్యాటరీ అది, షార్ట్ అయితే ఇంకా ఎక్కువ ఇస్తుంది, వైరు ఎర్రగా కాలి పక్కనున్న ప్లాస్టిక్, కార్పెట్ అంటుకునేదానికి ఎంతసేపు?

వైరు కొస బ్లేడుతో గీకి చూపించినా, పైన రాగి రంగు లోపల తెలుపు. అల్యూమినియానికి రాగి పూత వేసిన వైరు, సీసీఏ అంటారు. అదేమీ దొంగ సరుకు కాదు, సీసీఏ అని చెప్పి ఆ ధరకి అమ్మితే తప్పు లేదు, లావు సైజు తీసుకుంటే పని చేస్తుంది కూడా. కానీ దాన్ని ప్యూర్ కాపర్ అని అంటగట్టినారు. మన రైతులకి ఇది చెప్పే పనే లేదు, బోరు దూరంగా ఉండి కేబుల్ సన్నదైతే మోటార్ ఎట్ల మూలుగుతుందో వాళ్ళకి తెలుసు, కారులో కూడా అంతే.

లెక్క చెప్తా. వైరు లావుని గేజ్‌లో చెప్తారు, నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. 8 గేజ్ రాగి వైరు అంటే లోపల లోహం సుమారు 8 చదరపు మిల్లీమీటర్లు. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు లాగి 60 ఆంపియర్లు పారిస్తే 0.6 వోల్టు దారిలోనే పోతుంది. అదే సీసీఏ అయితే 0.9 దాకా పోతుంది. పెయింట్ గీకకుండా సీటు బోల్టుకి బిగించిన ఎర్త్ (ఆంప్ మైనస్ వైరు) దగ్గర ఇంకొంత. ఆ పిల్లోని బండిలో మీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.9, పాట గట్టిగా మోగేటప్పుడు ఆంప్ దగ్గర 12.1. ఇంక కెపాసిటర్ ఏం చేస్తుంది? 1 ఫారడ్ కెపాసిటర్ 14 నుంచి 12 వోల్టులకి దిగేలోపు ఇచ్చేది 26 జౌల్సే, 600 వాట్లు, అంటే సెకనుకి 600 జౌల్స్ లాగే ఆంప్‌కి అది కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. వైరు మార్చమని చెప్పేవాడు లేడు, డబ్బా ఇంకోటి అమ్మేవాళ్ళే అందరూ.

ఆంప్ డబ్బా మీద 4000 వాట్స్ అని ఉంటే నమ్మొద్దు, ఆంప్‌కి ఉన్న ఫ్యూజులు చూడండి. 25 ఆంపియర్లవి రెండుంటే 50 ఆంపియర్లు, 13.8 వోల్టులతో గుణిస్తే 690 వాట్లు, లోపలికి పోయేదే అంత, స్పీకర్‌కి వచ్చేది ఇంకా తక్కువే. అట్లాంటి దానికి 4 గేజ్, అంటే 21 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసుకుంటే నిశ్చింత, ఎర్త్ కూడా అంతే లావు ఉండాలి. ఆంప్‌కి వేలు పోసి వైరు దగ్గర 400 రూపాయలకి బేరమాడే కస్టమర్ల సంగతి కూడా నాకు బాగా తెలుసులెండి, తప్పంతా షాపులదే అనను. సౌండ్ ఎంత పెట్టుకోవాలి అనేది వేరే గొడవ, దాంట్లోకి నేను రాను.

నేను అడిగేది ఒకటే. వైరు బిల్లులో రాగినా సీసీఏనా, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు అని రాయించాలి. గేజ్ అని ఒక్క నంబరు రాస్తే లాభం లేదు, పైన లావు తొడుగు, లోపల నాలుగు పోగులు పెట్టి 0 గేజ్ అని అమ్ముతా ఉండారు. పెట్రోల్ బంకుల్లో కొలత చూసే తూనికలు కొలతల శాఖ వాళ్ళు ఈ షాపుల్లో కూడా ఒకసారి వైరు కోసి చూడాలి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. పెనుకొండలో కార్లే తయారవుతా ఉండాయి, ఆ కార్లకి బయట వేసే వైరు ఏందో చూసే నాథుడు మాత్రం లేడు.

ఇప్పటికే ఆంప్ పెట్టించుకున్నోళ్ళు ఈరోజే బానెట్ ఎత్తి చూసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు పోతా దగ్గరలో ఫ్యూజు లేకపోతే, ఫ్యూజు వేయించేదాకా ఆ వైరు బ్యాటరీ దగ్గర ఊడదీసి కొసకి టేపు చుట్టి పెట్టండి. ఊడదీసేటప్పుడు ముందు మైనస్ క్లాంప్ తీయండి, స్పానర్ బాడీకి తగిలినా నిప్పులు రావు.

ఇట్లు,
ఒక కారు వైరింగ్ మెకానిక్, అనంతపురం