గని తెరవకముందే మా మట్టిని కొలిపించండి: చిత్తూరు జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారాలు.

నేను గుడుపల్లె మండలంలో చిన్న రైతుని. 2 ఎకరాల మల్బరీ, చెరువు కింద కొంచెం వరి కయ్య ఉన్నాయి. మా దగ్గర మూతబడ్డ బంగారు గనులు మళ్లీ తెరుస్తారంటున్నారు, అంతకు ముందే మా మట్టిని కొలిపించమని అడగడానికే ఈ ఉత్తరం. రిటైరయ్యేదాకా భూసార పరీక్షా కేంద్రంలో పనిచేశాను కాబట్టి నన్నే రాయమన్నారు ఊరోళ్లు.

పోయిన కారు పంటకు ముందు మా ఊళ్లో ఒకాయన చేని మట్టిని ప్రైవేటు ల్యాబుకు పంపాడు. ఆర్సెనిక్ (పాషాణం) ఎదురుగా పెద్ద అంకె, దాని కింద ఎర్ర గీతతో కాగితం వచ్చింది. అది ఊరి ఫోన్లన్నీ తిరిగింది. వారం గడవకముందే టమాటా కొనే వ్యాపారి మీ ఊరి సరుకు వద్దన్నాడు. ఆ అంకె ఎంతో ఇక్కడ రాయను, ఒక్క నమూనాతో ఊరి పేరు చెడగొట్టడం నాకిష్టం లేదు. అసలు చిక్కు అది తీసిన పద్ధతిలో ఉంది. గాఢమైన ఆమ్లాల్లో మట్టిని ఉడకబెట్టి, రాతి రేణువుల్లో బిగుసుకున్న లోహాన్ని కూడా బయటికి లాగి కొలిచారు. వరి వేరుకు అంత బలమెక్కడిది?

ఈ తేడా మన రైతులకు కొత్త కాదు. సున్నపు నేలలో చెనక్కాయ ఆకు తెల్లబడితే అన్నభేది (ఇనుప లవణం) పిచికారీ చేస్తాం. ఆ నేలలో ఇనుముకు కరువుండదు, పైరుకు అందదంతే. 2015లో మొదలైన భూసార కార్డులోని 12 అంశాల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు కూడా ఉన్నాయి. వాటి అంకెలు మొత్తం లోహానివి కావు, డీటీపీఏ అనే రసాయన ద్రావణంలోకి దిగొచ్చిన భాగానివి, అంటే పైరుకు అందగలిగినంతకు అంచనా. 1978లో లిండ్సే, నార్వెల్ అనే మట్టి శాస్త్రవేత్తలు ఖరారు చేసిన పద్ధతి అది. మేలు చేసే లోహానికి అందే భాగం కొలిచి, చెరుపు చేసేదానికి మాత్రం మొత్తం కొలిచి భయపెట్టడం ఏం లెక్క?

కోడూరు పక్కన మంగంపేట ముగ్గురాయి మీకు తెలిసిందే. అది బేరియం సల్ఫేటు. నీళ్లలో కరగదు గనక కడుపు ఎక్స్‌రేకు ముందు అదే పదార్థాన్ని గ్లాసుతో తాగిస్తారు, మనిషికేమీ కాదు. అదే బేరియం కార్బొనేటు రూపంలో ఉంటే ఎలుకల మందు. కడుపులోని ఆమ్లానికి కార్బొనేటు కరుగుతుంది, సల్ఫేటు కరగదు.

ఇంగ్లండులో షిప్‌హామ్ అని పాత జింకు గనుల మీద కట్టుకున్న ఊరుంది. అక్కడ కిలో మట్టిలో కాడ్మియం అనే విష లోహం 100 మిల్లీగ్రాములు దాటిన పెరళ్లున్నాయి. సున్నం ఎక్కువగా ఉన్న నేల కావడంతో అది మొక్కకు పెద్దగా అందలేదు, జనంలో చెప్పుకోదగ్గ జబ్బూ కనబడలేదు. జపానులో జింజు నది కింది వరి మడుల్లో ఉన్నది దానిలో చిన్న పాలే. అక్కడ బియ్యం తిన్న ఆడవాళ్ల ఎముకలు పుటుక్కున విరిగాయి. ఇతాయ్ ఇతాయ్ అన్న ఆ జబ్బును కాలుష్యం వల్ల వచ్చిందిగా 1968లో వాళ్ల ప్రభుత్వం ఒప్పుకుంది.

ఇలా చెప్పానని మా నేలలో ఏ దోషమూ లేదని కాదు. మాది కోలారు బంగారు పట్టీకి దక్షిణపు కొస. బంగారమున్న చోట తరచుగా ఆర్సెనిక్ తోడుండటం లోకమంతా చూసిందే. ఎర్రమట్టిలో ఇనుప తుప్పు దాన్ని పట్టి ఉంచుతుంది. కయ్యలో నెలల తరబడి నీళ్లు నిలిపితే ఆ తుప్పు కరిగి ఆర్సెనిక్ వదులవుతుంది, వరి పీల్చుకుంటుంది. కాడ్మియం దీనికి తలకిందులు, కయ్య ఆరగట్టినప్పుడే జోరు. కాబట్టి మెట్ట రాగుల చేనికి, చెరువు కింద వరికి ఒకే అంకెతో తీర్పు చెప్పడం కుదరదు. మట్టి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల సంగతి మళ్లీ వేరే, అక్కడ చూడాల్సింది కడుపు ఆమ్లానికి ఎంత కరుగుతుందో.

ఇప్పుడే ఎందుకంటారా? 2001లో మూతబడ్డ చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు మళ్లీ తెరుస్తారని ఏళ్లుగా వింటున్నాం. తెరవనీండి, మా పిల్లలకూ పని కావాలి. కానీ రాతిలో యుగాలుగా బిగుసుకున్న లోహం వేరు, ఆ రాతిని పిండి చేసి గుట్ట పోస్తే గాలీ వానా తగిలి పుట్టే ఆమ్లంలో కరిగి పారే లోహం వేరు. మొత్తం అంకె రెంటిలోనూ ఒకటే రావచ్చు. రేపు మా బావి చెడితే “మీ నేలలో పుట్టుకతోనే ఉందయ్యా” అంటారు. గని తెరవకముందు తీసిన లెక్క చేతిలో లేకపోతే ఆ మాటకు మా దగ్గర జవాబుండదు.

అందుకని ఆ గనుల చుట్టుపక్కల ఊళ్లలో, చెరువు కింద కయ్యలూ మెట్ట చేన్లూ కలిపి, ఈ ఎండాకాలమే నమూనాలు తీయించండి. మొత్తంతో పాటు అందే భాగాన్నీ కొలవమనండి. ఆర్సెనిక్‌కు డీటీపీఏ పనికిరాదు, ఫాస్ఫేటు ద్రావణంతో తీయాలి. అదే చేలో పండిన బియ్యం, రాగులు, పక్క బావి నీళ్లు కూడా కొలిస్తేనే లెక్క తేలుతుంది. ఆహారానికి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే కోడెక్స్ సంస్థ ప్రకారం పాలిష్ బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు, పోల్చి చూసేందుకు ఆ హద్దు ఉంది. తిరుపతి వ్యవసాయ కళాశాలలో మట్టి శాస్త్రం తెలిసినవాళ్లున్నారు. 2015లో గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిని పర్యావరణానికీ తాగునీటికీ ఖర్చు పెట్టొచ్చు.

ఫలితాలు తెలుగులో, పంచాయతీ గోడ మీద అతికించండి. ఆ వ్యాపారికి చూపించాల్సింది నేనే కదా. మట్టి తీసేవాళ్లను మా కయ్య దగ్గరే మొదలుపెట్టమనండి, గునపం నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
గుడుపల్లె మండలం నుంచి ఒక రైతు