మూడు స్మైలీలు, కొత్త పద్ధతులు, కొంచెం పెరిగిన ధర

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండల్లో మా చేత విందు భోజనాలు చేయించుకుంటున్న వారందరికీ నమస్కారం.

మా వంటశాలకు పరిశుభ్రత రేటింగ్ వచ్చింది. ఐదుకు మూడు స్మైలీలు, అంటే నవ్వు మొహం గుర్తులు. ఆ పత్రాన్ని ఆఫీసు గోడకు తగిలించినప్పటి నుంచి వచ్చినవారల్లా మిగతా రెండూ ఏమయ్యాయని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి చెబుతున్నాను. వచ్చే మాఘమాసం పెళ్ళిళ్ళ నుంచి మా పద్ధతులు కొన్ని మారుతున్నాయి. అవన్నీ మీకు నచ్చుతాయని నేను అనుకోవడం లేదు.

లైసెన్సు వేరు, రేటింగ్ వేరు. దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి, దాని 14 అంకెల నంబరు లేకుండా క్యాటరింగ్ చేయకూడదు. ఆ సంస్థ 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఏర్పడింది. రేటింగ్ మాత్రం ఎవరికి వారు కోరి తీసుకునేది. ఆ సంస్థ గుర్తించిన ఆడిట్ ఏజెన్సీ వారు వచ్చి వంటశాల, సరుకుల గది, నీళ్ళ ట్యాంకు, చేతులు కడుక్కునే చోటు, రికార్డులు అన్నీ చూసి స్మైలీలు ఇస్తారు. రుచికి అందులో మార్కుల్లేవు. మా దాల్చాను చూడకుండానే వెళ్ళిపోయారని మా వంట మేస్త్రీకి ఇప్పటికీ కోపం.

మాకు తగ్గిన మార్కుల్లో ఎక్కువ భాగం రికార్డుల దగ్గర తగ్గాయి. కాగితాలే కదా అని కొట్టిపారేయవచ్చు. నేను అలా అనుకోను. గుండిగలోని మటన్ ఎన్ని డిగ్రీల్లో ఉందో రాసిపెట్టకపోతే అసలు కొలిచామో లేదో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. గరిటెతో తీసి చేతి మీద వేసుకుని చూడడం కొలత కాదు. 50 డిగ్రీల కూర కూడా చేతికి చురుక్కుమంటుంది, కానీ వడ్డన వరకు నిలపడానికి ఆ వేడి చాలదు.

వండిన పదార్థం 60 డిగ్రీలకు పైన ఉండాలి, లేదా 5 డిగ్రీలకు లోపల ఉండాలి. మధ్యలో ఎంతసేపు ఉంటే సూక్ష్మజీవులకు అంత అనుకూలం. ఆడిట్ వారు చూసింది వంటశాలను. మా వంటకు అసలు పరీక్ష ఎదురయ్యేది ఫంక్షన్ హాల్లో. పన్నెండున్నరకు వడ్డన అంటారు, ఎదుర్కోళ్ళు ఆలస్యమవుతాయి, ఫొటోలు ముగియవు, మూడు దాటాక మొదటి బంతి కూర్చుంటుంది. అప్పటిదాకా బగారా అన్నం గుండిగలో మూత కింద గోరువెచ్చగా ఉంటుంది. జనం మాంసం గురించే భయపడతారు గానీ నా భయమంతా అన్నం గురించే. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బియ్యంలో బీజరూపంలో ఉంటుంది, ఉడికించినా చావదు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి విషాన్ని వదులుతుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాసన మారదు, రుచి మారదు.

అందుకని ఇకపై బగారాను ఒకేసారి దించము. వడ్డన మొదలవుతుందని మీ తరఫు మనిషి ఒకరు మాకు చెప్పిన తర్వాతే రెండో విడత పొయ్యి మీదికి ఎక్కుతుంది. బంతికీ బంతికీ మధ్య పది నిమిషాలు ఆగవలసి రావచ్చు. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి మా మీద కేకలేసినా ఈ పద్ధతి మారదు.

మిగిలిన భోజనం సంగతి ఇంకా కష్టం. రాత్రి పదకొండుకు బకెట్లలో నింపి ఇంటికి పంపమంటారు. బఫే బల్ల మీద పెట్టిన అన్నం, మాంసం ఇకపై కట్టి ఇవ్వము. పొయ్యి మీద వేడిగా, ముట్టని గుండిగలో ఉన్నదైతే వెంటనే ఇస్తాము. అనాథాశ్రమానికి పంపుతామన్నా ఇదే నియమం. మనం తినడానికి జంకేదాన్ని ఆ పిల్లలకు పెట్టడం ఏ పుణ్యం?

నీళ్ళ గురించి మన జిల్లాలో అందరూ ముందు అడిగేది ఫ్లోరైడ్. అడగవలసిందే, దాని వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లా ఇది. అయితే ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి తాగితే చేసే హాని. విందు తిన్న మర్నాడే మంచం పట్టించేది నీటిలోని బాక్టీరియా. ఫ్లోరైడ్ లేని తేటనీళ్ళలోనూ అది ఉండవచ్చు. శుద్ధి చేసిన నీళ్ళయినా కడగని క్యాన్‌లో పోస్తే అంతే. ఇకనుంచి మా ట్యాంకు నీటికి రెండు పరీక్షలూ చేయించి, ఆ నివేదికను రేటింగ్ పత్రం పక్కనే పెడతాము. దిమ్మ ఐసును సీసాలు చల్లబరచడానికే వాడతాము, షర్బతులో వేయము.

మా మనుషులకు ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా నిబంధనల ప్రకారం తప్పనిసరి. ప్రతి 25 మందికి శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఒకరు ఉండాలి. మాకు ఇద్దరు ఉన్నారు. నియమాలు రాయని సంగతి ఒకటుంది. రోజుకూలి మీద వడ్డనకు వచ్చే కుర్రవాడికి విరేచనాలు పట్టుకుంటే చెప్పడు, చెబితే ఆ రోజు కూలి పోతుంది కనుక. ఇకపై ఒంట్లో బాగాలేదని చెప్పినవాడికి ఆ రోజు కూలి ఇచ్చి ఇంటికి పంపుతాము. చేతి తొడుగులు కొనడం కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. తొడుగు వేసుకుని ముక్కు తుడుచుకునేవాళ్ళను చాలామందినే చూశాను.

వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్ళీ మళ్ళీ కాగి చెడిపోతున్నకొద్దీ పెరిగే పదార్థాలు, 25 శాతం దాటకూడదు. కొలిచే మీటరు కొన్నాము. దాటిన నూనె బయోడీజిల్ కోసం సేకరించేవారికి మాత్రమే ఇస్తాము.

వీటన్నిటికీ కలిపి ప్లేటుకు 15 రూపాయలు పెంచుతున్నాము. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది. రికార్డులు సరిగా నడిచాయని నాకు నమ్మకం కుదిరాక మళ్ళీ ఆడిట్‌కు దరఖాస్తు చేస్తాము, ఎన్ని స్మైలీలు వచ్చినా అదే గోడకు తగిలిస్తాము. వంటశాల చూడాలనుకునేవారు ఫోను కూడా చేయకుండా రావచ్చు. చెప్పులు బయట విప్పి, తలకు టోపీ పెట్టుకోవాలి. తెల్లవారుజామున వస్తే మాత్రం మా మేస్త్రీ మీ చేత ఉల్లిపాయలు తరిగిస్తాడు, ముందుగా చేతులు కడిగించి.